కత్తి పట్టనివ్వని చోట ఏం నేర్చుకోవాలి?

ప్రశ్న: నేను ఎముకలు, కీళ్ళ సర్జన్‌ని. చదువు పూర్తయి ఎనిమిదేళ్ళయింది. ఒక మధ్యస్థాయి ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. ఎక్కువగా విరిగిన ఎముకల కేసులే వస్తాయి. నెలకు నాలుగైదు మోకాళ్ళు, ఒకటో రెండో తుంటి కీళ్ళు మారుస్తాను. విదేశంలో పేరున్న ఒక కీళ్ళ ఆసుపత్రిలో ఆరు వారాల శిక్షణకు అవకాశం వచ్చింది. అక్కడి లైసెన్స్ నాకు లేదు కాబట్టి ఆపరేషన్‌లో చెయ్యి పెట్టనివ్వరు, చూడటమే. మా సీనియర్ ‘చూడటానికి అంత దూరం ఎందుకు, వీడియోలు ఉన్నాయిగా’ అంటున్నారు. రోబో నేర్చుకోవాలా, తుంటికి ముందువైపు నుంచి వెళ్ళే పద్ధతి నేర్చుకోవాలా, రివిజన్, అంటే ముందు వేసిన కీలును తీసి మళ్ళీ మార్చడం, నేర్చుకోవాలా తేల్చుకోలేకపోతున్నాను. తిరిగొచ్చాక మొదటి పేషెంట్ల మీద నేను నేర్చుకోవడం న్యాయమేనా అనే బెంగ కూడా ఉంది. కిందటేడు నేను మార్చిన ఒక మోకాలికి ఇన్ఫెక్షన్ వచ్చింది. ఏం చేయాలో తేల్చుకునేలోపు ఆలస్యమైంది, పెద్ద ఆసుపత్రికి పంపేశాను. ఆరేళ్ళ పాపను వదిలి వెళ్ళాలంటే టెన్షన్‌గా ఉంది. వెళ్ళమంటారా?

సమాధానం:

వెళ్ళండమ్మా. అందులో నాకు ఏ సందేహమూ లేదు. కాకపోతే ఏం నేర్చుకోవడానికి వెళ్తున్నారో మీకే ఇంకా తేలలేదు. అది తేలకుండా బయలుదేరితే ఆరు వారాలు ఇట్టే అయిపోతాయి. రోజుకో కొత్త యంత్రం చూసి, ఫొటోలు తీసుకుని, సర్టిఫికెట్ పట్టుకుని తిరిగొస్తారు. మీ ఆపరేషన్‌లో ఏమీ మారదు. అలా వెళ్ళొచ్చిన వాళ్ళను నేను చాలామందిని చూశాను. మొదటిసారి వెళ్ళినప్పుడు నేనూ దాదాపు అలాగే తిరిగొచ్చాను.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రోబో గురించి అడిగారు, తుంటికి ముందు దారి గురించి అడిగారు. ఇన్ఫెక్షన్ వచ్చిన ఆ మోకాలి గురించి మాత్రం రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నారు. చదివిన ప్రతిసారీ నేను ఆ రెండు ముక్కల దగ్గరే ఆగాను. మిమ్మల్ని నిజంగా కదిలించింది అదేనని నాకనిపిస్తోంది. దాని దగ్గరకు మళ్ళీ వస్తాను. ముందు మీ సీనియర్ మాట సంగతి చూద్దాం. ఆయన అన్నదాంట్లో సగం నిజం ఉంది.

కోత ఎక్కడ పెట్టాలి, జిగ్ (కోతకు దారి చూపే పరికరం) ఎలా అమర్చాలి, రంపం ఏ కోణంలో పట్టాలి అన్నవి వీడియోలో బాగానే కనబడతాయి. నిజం చెప్పాలంటే, సర్జన్ భుజాల వెనక స్టూల్ వేసుకుని నిలబడే మీకంటే వీడియో చూసేవారికే అవి స్పష్టంగా కనబడతాయి. కానీ వీడియోను ఎవరో ఒకరు ఎడిట్ చేస్తారు. మధ్యలో సర్జన్ చెయ్యి ఆగిపోయి, మోకాలి వైపు చూస్తూ నిలబడిన రెండు నిమిషాలను మొదట కత్తిరించేస్తారు. మీకు కావలసింది ఆ రెండు నిమిషాలే.

మీకు తెలిసిన ఉదాహరణే తీసుకోండి. ట్రయల్ ఇంప్లాంట్ (కొలత సరిచూసే తాత్కాలిక కీలు) పెట్టి కాలు చాపితే పూర్తిగా చాపుకోవడం లేదు, మడిస్తే మాత్రం సరిగ్గానే ఉంది. ఇప్పుడు టిబియా, అంటే మోకాలి కింది ఎముక, ఇంకాస్త కోస్తే చాపినప్పుడూ మడిచినప్పుడూ రెండుచోట్లా ఖాళీ పెరుగుతుంది, మడిచినప్పుడు మోకాలు వదులైపోతుంది. కాబట్టి వెనక అదనంగా పెరిగిన ఎముక ముక్కలు (ఆస్టియోఫైట్లు) తీయాలి, కీలును చుట్టి ఉండే వెనక పొర (క్యాప్సూల్) వదులు చేయాలి, అప్పటికీ కుదరకపోతే ఫీమర్ (తొడ ఎముక) కింది భాగం కొంచెం కోయాలి. ఇది మీరు పరీక్షలో రాసే ఉంటారు. కానీ ఇంత బిగుతు ఉంటే ముందు దేనికి చెయ్యి వేయాలి, ఎంత వదులును ఒప్పుకోవచ్చు, ఎక్కడ ‘ఇక చాలు’ అని ఆపాలి అన్నది పుస్తకంలో దొరకదు. వేల మోకాళ్ళు చేసిన మనిషి ట్రయల్ పెట్టి, నచ్చక, తీసి, ఒక పని చేసి, మళ్ళీ పెట్టినప్పుడు పక్కనుండి చూడాలి. కుట్లు వేసే సమయంలో ‘ఇందాక టిబియా ఎందుకు ముట్టుకోలేదు సార్?’ అని అడగాలి. ఆ జవాబు కోసం ఎంత దూరమైనా వెళ్ళవచ్చు.

చూసి నేర్చుకోవడం తక్కువ రకం నేర్చుకోవడమన్న భావన మీకు మనసులో ఎక్కడో ఉన్నట్టుంది. మన రంగం చరిత్ర చూస్తే అలా అనిపించదు. తుంటి కీలు మార్పిడికి నేటి రూపం ఇచ్చిన జాన్ చార్న్లీ ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో పనిచేశారు. మొదట ఆయన టెఫ్లాన్‌తో చేసిన గిన్నెలు (తొడ ఎముక తల ఇమిడే భాగం) వందలమందికి అమర్చారు. రెండు మూడేళ్ళకే అవి అరిగిపోయాయి, చుట్టూ కణజాలం పాడైంది. ఆయన ఆ పేషెంట్లను మళ్ళీ పిలిచి, తన చేతులతోనే వాటిని తీశారు. 1962 నవంబరులో పాలిథిలీన్ గిన్నెతో మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి ఫలితాలు బాగున్నా, కొన్నేళ్ళపాటు ఆ ఇంప్లాంట్‌ను అడిగిన ప్రతివారికీ అమ్మనివ్వలేదు. రైటింగ్టన్ వచ్చి, అక్కడ పని ఎలా జరుగుతోందో చూసి నేర్చుకున్న సర్జన్లకే ఇప్పించారు. ఇంప్లాంట్ పెట్టెలో వస్తుంది, దాని చుట్టూ ఉండే క్రమశిక్షణ పెట్టెలో రాదని ఆయనకు టెఫ్లాన్ అనుభవం నేర్పింది. గాలిని వడకట్టే ఆపరేషన్ థియేటర్, ఒళ్ళంతా కప్పే గౌన్లు, ఇంప్లాంట్‌ను ఎముకకు పట్టించే సిమెంట్ వేసే తీరు, ఏళ్ళ తరబడి పేషెంట్లను పిలిచి చూడటం, ఇవన్నీ కలిస్తేనే ఆ ఆపరేషన్.

ఇంకొకటి కూడా చెప్తాను. 1964లో కెనడా సర్జన్ రాబర్ట్ జాక్సన్ టోక్యో వెళ్ళింది కణజాల పరిశోధన కోసం. అక్కడ మసాకి వతనాబే అనే సర్జన్ చిన్న గొట్టంతో మోకాలి లోపలికి చూస్తున్నారని విని ఆయన దగ్గరకు చేరారు. వతనాబేకు ఇంగ్లీషు నేర్పుతూ, బదులుగా ఆయన దగ్గర ఆ పద్ధతిని, అంటే ఆర్థ్రోస్కోపీని, నేర్చుకున్నారు. తిరిగొచ్చి టొరంటోలో మొదలుపెట్టి, ఉత్తర అమెరికా అంతటికీ దాన్ని నేర్పినవారిలో ముందువరసలో నిలిచారు. ఆయన అనుకుని వెళ్ళింది ఒకటి, పట్టుకొచ్చింది ఇంకొకటి. అందుకే మీ ఆరు వారాల్లో కొంత ఖాళీ ఉంచుకోండి. అవతలి థియేటర్‌లో ఏదో బాగుందని తెలిస్తే ఒక రోజు అటు వెళ్ళి చూడండి.

ఇక దేని మీద మనసు పెట్టాలన్నది.

రోబోను రెండు రోజులు చూడండి, చాలు. అది పనికిరానిదని కాదు, మీరు వేసిన ప్లాన్ ప్రకారం ఎముకను కచ్చితంగా కోయడానికి బాగా తోడ్పడుతుంది. ప్లాన్ మాత్రం మనిషిదే. మీ ఆసుపత్రికి అది ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చేసరికి అక్కడ చూసిన మోడల్ ఉండకపోవచ్చు, నేర్చుకున్న బటన్లు గుర్తుండవు. అయితే రోబో తెరమీద వాళ్ళు ఆపరేషన్‌కు ముందే ఖాళీలను ఎలా లెక్క వేసుకుంటున్నారో, వంకర కాలును పూర్తిగా నిటారు చేస్తున్నారా, పేషెంటుకు మొదటినుంచీ ఉన్న వాలును కొంత వదిలేస్తున్నారా అన్నది చూడండి. ఆ ఆలోచన మామూలు జిగ్‌లతో చేసేవారికీ కావాలి.

తుంటికి ముందువైపు నుంచి వెళ్ళే పద్ధతి ఇప్పుడు వద్దు. ఈ మాట మీకు నచ్చకపోవచ్చు. అది మంచి పద్ధతే, కండరాలను కోయకుండా వాటి మధ్యనుంచి వెళ్తుంది. కానీ చెయ్యి కుదురుకోవడానికి యాభై కేసులో, ఇంకా ఎక్కువో పడుతుందని చేసినవాళ్ళే చెప్తారు. ఆ మొదటి కేసుల్లోనే ఫీమర్ పగలడం, తొడ బయటివైపు చర్మానికి స్పర్శనిచ్చే నరం దెబ్బతినడం లాంటివి ఎక్కువ. మీరు నెలకు ఒకటో రెండో తుంటి కీళ్ళు చేస్తున్నారు. ఆ లెక్కన యాభై పూర్తి కావడానికి రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళు. రెండు కేసుల మధ్య మూడు వారాలు గడిస్తే మొదటిదాన్లో నేర్చుకున్నది రెండోదానికి అందదు. మీకు ఇప్పటికే చేతనైన దారిలోనే గిన్నెను ఇంకా బాగా అమర్చడం నేర్చుకోండి, మీ పేషెంట్లకు అందులో ఎక్కువ మేలుంది. గిన్నె వాలు 40 డిగ్రీలకు పది అటూ ఇటూ, ముందుకు తిరిగిన కోణం 15 డిగ్రీలకు పది అటూ ఇటూ ఉండాలని 1978లో లెవినెక్ బృందం చెప్పిన కొలతలు మనందరికీ కంఠతా. ఆ హద్దుల్లో ఉన్న తుంటి కూడా జారుతుందని ఇప్పుడు తెలిసింది, ఎందుకంటే మనిషి కూర్చున్నప్పుడు, నిలబడ్డప్పుడు కటి ఎముక కదులుతుంది. నడుము బిగుసుకుపోయినవారిలో ఆ కదలిక తగ్గిపోతుంది. కూర్చోబెట్టి, నిలబెట్టి పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలు చూసి వాళ్ళు గిన్నెను ఎలా మారుస్తున్నారో అడగండి. దీనికి కొత్త యంత్రమేదీ అక్కర్లేదు. మామూలు ఎక్స్‌రే గది ఉంటే చాలు.

ఇప్పుడు ఆ మోకాలి దగ్గరకు వస్తాను.

రివిజన్ ఆపరేషన్ ఆరు వారాలు చూసి వచ్చి చేయగలిగేది కాదు. చేస్తానని మీరూ అనుకోకండి. కానీ ఇన్ఫెక్షన్ అనుమానం వచ్చిన మొదటి రెండు మూడు రోజుల్లో ఏం చేయాలో, ఏం చేయకూడదో నేర్చుకోవడానికి ఆరు వారాలు చాలా ఎక్కువ. మీ పేషెంట్ విషయంలో ఆలస్యం జరిగింది సరిగ్గా అక్కడే. ఆపరేషన్ చేతకాక కాదు, తేల్చుకోవడం దగ్గర.

ఇది మిమ్మల్ని తప్పుపట్టడానికి రాయడం లేదమ్మా. నేను ప్రాక్టీసులోకి వచ్చిన కొత్తలో ఒక పెద్దావిడ మోకాలి కుట్లనుంచి తడి వస్తుంటే పది రోజులు యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చి చూశాను. కుట్టు పైన తగ్గినట్టు కనబడింది. లోపల తగ్గలేదు. కీలులోంచి నీరు తీసి పరీక్షకు పంపేసరికి, మాత్రల వల్ల ల్యాబ్‌లో క్రిమి పెరగలేదు. ఏ క్రిమో తెలియకుండా వైద్యం చేయాల్సి వచ్చింది. ఆవిడ రెండు ఆపరేషన్లు పడ్డారు. మందు ఇచ్చేముందు ఒక్క సూది గుచ్చి నీరు తీసి ఉంటే ఆవిడ దారి వేరుగా ఉండేదేమోనని ఇప్పటికీ అనుకుంటాను.

అందుకే వాళ్ళ దగ్గర ఈ విషయాన్ని అడుగడుగునా గమనించండి. ఆపరేషన్ అయిన వారం పది రోజుల తర్వాత కూడా కుట్టు తడిగా ఉంటే ఎవరికి ఫోన్ వెళ్తుంది? ఎన్నో రోజుకు థియేటర్‌కు తీసుకెళ్తారు? పేషెంట్ నిలకడగా ఉన్నప్పుడు నమూనాలు తీసేదాకా యాంటీబయాటిక్ ఆపుతున్నారా? కీలు విప్పినప్పుడు ఎన్ని చోట్ల నుంచి ముక్కలు తీస్తున్నారు, ప్రతి ముక్కకూ వేరే పరికరం వాడుతున్నారా? అయిదారు నమూనాలు విడివిడిగా తీస్తేనే ఒకే క్రిమి రెండు మూడింట్లో కనబడినప్పుడు నమ్మవచ్చు. ఒక్క ముక్కే పంపితే అది నిజమైన క్రిమో, దారిలో అంటుకున్నదో తేలదు. కొన్ని క్రిములు మెల్లగా పెరుగుతాయి కాబట్టి ల్యాబ్ వాళ్ళు వాటిని రెండు వారాలదాకా ఉంచి చూస్తారు. మీ ల్యాబ్ ఎన్ని రోజులు ఉంచుతోందో మీరు ఎప్పుడైనా అడిగారా? చాలామంది సర్జన్లం అడగం.

తర్వాత ఆపరేషన్ ఎంపిక. ఇన్ఫెక్షన్ మొదలై కొద్ది రోజులే అయి, ఇంప్లాంట్ గట్టిగా ఉండి, చర్మం బాగుంటే, కీలు విప్పి శుభ్రంగా కడిగి, చెడిన కణజాలం తీసి, మధ్యలోని ప్లాస్టిక్ ముక్క మార్చి, లోహ భాగాలను ఉంచేసే వీలుంటుంది. వారాలు గడిచేకొద్దీ క్రిములు లోహం మీద పొరలా పట్టేస్తాయి, ఆ వీలు పోతుంది. అప్పుడిక మొత్తం తీసి ఒకేసారి కొత్తది వేయడమో, యాంటీబయాటిక్ కలిపిన సిమెంట్ దిమ్మ పెట్టి కొన్ని వారాలు ఆగి రెండోసారి వేయడమో. ఒకేసారి మార్చే పద్ధతిని హాంబర్గ్‌లో బుఖోల్ట్స్ మొదలుపెట్టారు, సిమెంట్‌లో జెంటామైసిన్ కలపడం కూడా 1970 ప్రాంతంలో ఆయన బృందంతోనే ఊపందుకుంది. ఎవరికి ఏది అన్నది ఒక్క సర్జన్ తేల్చేది కాదు. మంచి ఆసుపత్రుల్లో సర్జన్లు, మైక్రోబయాలజిస్టు, ఇన్ఫెక్షన్ల డాక్టరు ఒకచోట కూర్చుని కేసు కేసుకూ తేలుస్తారు. ఆ మీటింగ్‌లో కూర్చోనివ్వమని ముందే ఉత్తరంలో అడగండి. థియేటర్‌లో ఒక రోజు పోయినా ఫరవాలేదు, ఆ మీటింగ్ మాత్రం ఒక్కటి కూడా వదలకండి. కాంప్లికేషన్ల మీద వాళ్ళు నెలకోసారి మాట్లాడుకునే మీటింగ్ ఉంటే అందులోనూ కూర్చోండి. పేరున్న చోట తప్పులు జరగవని కాదు. జరిగినప్పుడు అందరిముందూ పెట్టుకుని మాట్లాడుకునే అలవాటు ఉంటుంది. ఆ అలవాటును దగ్గర్నుంచి చూడటం మీకు చాలా అవసరం.

వెళ్ళేముందు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. మీవే ఓ పది కేసుల ఎక్స్‌రేలు తీసుకెళ్ళండి. పేషెంట్ల అనుమతి తీసుకుని, పేర్లు, నంబర్లు పూర్తిగా చెరిపేసి. బాగా వచ్చినవి రెండు చాలు, మిగతా ఎనిమిది మిమ్మల్ని నిద్రపోనివ్వనివి అయి ఉండాలి. పెద్ద సర్జన్లు ‘మీ ఆపరేషన్ చాలా బాగుంది సార్’ అనే విజిటర్లను రోజూ చూస్తారు. ‘ఇది నేను చేశాను, ఇలా అయింది, మీరైతే ఏం చేసేవారు?’ అని ఫిల్మ్ చేతికిచ్చే విజిటర్ అరుదు. అలాంటి మనిషికి వాళ్ళు టీ తాగే టైం కూడా ఇస్తారు. నా రెండో విడత శిక్షణలో నేను నేర్చుకున్నదంతా అలా దొరికిన పది పదిహేను నిమిషాల్లోనే.

చెయ్యి పెట్టే అవకాశం అస్సలు లేదని కూడా అనుకోకండి. పేషెంట్‌ను ముట్టుకోవడానికి లైసెన్స్ కావాలి గానీ, మృతదేహాల మీద సాధన చేసే కాడవర్ ల్యాబ్‌లోనూ, ప్లాస్టిక్ ఎముకల వర్క్‌షాప్‌లోనూ చాలాచోట్ల దాని అవసరం ఉండదు. ఎముకల సర్జన్లకు ఎముకల మీద చేయించి నేర్పే పద్ధతి పాతదే. స్విట్జర్లాండ్‌లో 1958లో ఏర్పడిన ఏఓ అనే ఎముకల సర్జన్ల బృందం 1960 నుంచి డావోస్‌లో అలాంటి కోర్సులు నడుపుతోంది. మీరు వెళ్ళే ఊళ్ళోనో, దగ్గర్లోనో ఆ ఆరు వారాల్లో ఏదైనా కోర్సు ఉందేమో చూసుకుని తేదీలు కలుపుకోండి. మొదటి వారంలో కాకుండా నాలుగో వారంలో పడేలా చూసుకోండి. అప్పటికి మీకు ఏం చేసి చూసుకోవాలో తెలిసి ఉంటుంది.

కాగితాల పని గురించి క్లుప్తంగా: ఆహ్వాన పత్రంలో ‘అబ్జర్వర్’ అని స్పష్టంగా ఉండాలి, వీసా ఆ మాటకు సరిపోవాలి. హెపటైటిస్ బి టీకా, రక్తపరీక్షల రిపోర్టులు చాలా ఆసుపత్రులు అడుగుతాయి. అవి తెప్పించుకోవడానికి నెల పడుతుంది, ఇప్పుడే మొదలుపెట్టండి.

అక్కడికి చేరాక మొదటి రెండు రోజులు సర్జన్ కంటే థియేటర్ సిస్టర్‌తో ఎక్కువ మాట్లాడండి. ఎక్కడ నిలబడితే కనబడుతుందో, ఎవరికీ అడ్డు కాదో ఆవిడే చెప్తారు. సిమెంట్ కలిపినప్పటినుంచి గట్టిపడేదాకా ఒక్క మాట కూడా మాట్లాడకండి, అప్పుడు అడిగిన ప్రశ్నను ఎవరూ మర్చిపోరు. ఆపరేషన్ జరుగుతుండగా తలుపు ఎన్నిసార్లు తెరుచుకుందో ఒకరోజు లెక్కపెట్టండి. తిరిగొచ్చాక మీ థియేటర్‌లోనూ లెక్కపెట్టండి. ఆ రెండు అంకెలు పక్కపక్కన రాసి గోడకు అంటిస్తే మీ వాళ్ళకు మీరు ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

సిమెంట్ విషయంలో ఒక జాగ్రత్త. అక్కడి థియేటర్ చల్లగా ఉంటుంది, వాళ్ళ చేతిలో సిమెంట్ పనికి ఇంత సేపు ఉంటుందని మీరు మనసులో రాసుకుంటారు. మీ థియేటర్ ఇంకాస్త వెచ్చగా ఉంటే అదే సిమెంట్ ముందే గట్టిపడుతుంది. కాబట్టి ఏ రకం సిమెంట్, గది ఉష్ణోగ్రత ఎంత, ఎన్నో నిమిషానికి వేశారు, ఎన్నో నిమిషానికి గట్టిపడింది, ఈ నాలుగూ కలిపి రాసుకోండి. తిరిగొచ్చాక మీ థియేటర్‌లో, పేషెంట్ లేనప్పుడు ఒక ప్యాకెట్ కలిపి గడియారం పెట్టి చూడండి. అక్కడ పనిచేసింది ఇక్కడ పనిచేయదేమో అన్న అనుమానం ప్రతి విషయంలోనూ ఉంచుకోవాలి, సిమెంట్ దానికి కంటికి కనబడే ఉదాహరణ.

ప్రతి రాత్రీ పడుకునేముందు నోట్‌బుక్‌లో ఆ రోజు చూసిన ఒక్క నిర్ణయం రాయండి. ఏం చేశారు, ఎందుకు చేశారు, నేనైతే ఏం చేసి ఉండేదాన్ని. మూడు వాక్యాలు, పక్కన ఒక బొమ్మ. గీయడం రాదని ఫోన్‌లో ఫొటో తీయకండి. పేషెంట్‌ ఫొటో అనుమతి లేకుండా తీయడం ఎలాగూ తప్పు, పైగా బొమ్మ గీస్తేనే మీరు ఏం చూడలేదో మీకు తెలుస్తుంది.

వారానికి ఒక పూట వార్డులో, ఒక పూట ఓపీలో గడపండి. ఏడాది, అయిదేళ్ళ క్రితం కీలు మార్చుకున్నవాళ్ళు వచ్చి ఏం చెప్తున్నారో వినండి. ఎక్స్‌రే అద్భుతంగా ఉండి మెట్లు దిగలేకపోతున్నవారు ఉంటారు. వాళ్ళతో ఆ సర్జన్ ఎలా మాట్లాడతారో చూడాలి. ఆపరేషన్ అయిన రోజే పేషెంట్‌ను నిలబెట్టి నడిపిస్తుంటే, దానికి ముందు నొప్పి మందులు ఎలా ఇచ్చారో, రక్తస్రావం తగ్గడానికి ట్రనెక్సామిక్ యాసిడ్ అనే మందు ఎప్పుడిచ్చారో, ఫిజియోథెరపిస్టు ఎన్ని గంటలకు వచ్చారో రాసుకోండి. మీరు తిరిగొచ్చిన వారంలోనే మొదలుపెట్టగలిగేవి ఇవే.

ఇక మీ బెంగ. మొదటి పేషెంట్ల మీద నేర్చుకోవడం న్యాయమేనా అని అడిగారు. ఈ ప్రశ్న అడిగే సర్జన్ చేతికి నేను నా మోకాలిని ఇస్తాను. అడిగినంత మాత్రాన సరిపోదు గనక కొన్ని హద్దులు చెప్తాను. ఒకసారికి ఒక్కటే మార్చండి. కొత్త ఇంప్లాంట్, కొత్త దారి, కొత్త సిమెంట్ పద్ధతి మూడూ ఒకే కేసులో పెడితే, ఏదైనా జరిగినప్పుడు దేనివల్లో తెలియదు. మొదటి కేసులకు వంకర తక్కువగా, ఎముక గట్టిగా, ఒళ్ళు మరీ భారీగా లేనివారిని ఎంచుకోండి. వాళ్ళతో దాచకుండా చెప్పండి: ‘ఈ ఆపరేషన్ నేను ఇన్నేళ్ళుగా చేస్తున్నాను. ఇందులో ఈ ఒక్క భాగాన్ని ఈమధ్యే నేర్చుకుని మారుస్తున్నాను. ఎందుకంటే ఇది. పాత పద్ధతిలోనే కావాలంటే అలాగే చేస్తాను.’ చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోనివారికి పాత పద్ధతిలో చేయండి, మొహం చిన్నబుచ్చుకోకండి. మధ్యలో కుదరకపోతే వెంటనే పాత పద్ధతికి మారడానికి పాత సెట్ కూడా స్టెరిలైజ్ చేసి పక్కనే ఉంచుకోండి.

ఆ మొదటి కేసులకు మీ సీనియర్‌ను ఎదురుగా నిలబడమని అడగండి. చూడటానికి అంత దూరమెందుకన్న ఆయనకు, మీరు చూసొచ్చిందేమిటో చూపించడానికి అంతకంటే మంచి చోటు లేదు. ఆయన అనుభవం మీకు తోడు కూడా.

లెక్క లేకుండా ఇదంతా వృథా. వెళ్ళేముందే మీరు చేసిన చివరి యాభై మోకాళ్ళ ఫైళ్ళు తీయండి. ఎంతమందికి ఇన్ఫెక్షన్, ఎంతమందిని మళ్ళీ థియేటర్‌కు తీసుకెళ్ళారు, ఏడాది తర్వాత మోకాలు ఎంత మడుస్తున్నారు, నడక ఎలా ఉంది. తిరిగొచ్చాక చేసే యాభైతో పోల్చడానికి ఇది కావాలి. స్వీడన్ 1975లో మోకాళ్ళకు, 1979లో తుంటి కీళ్ళకు దేశమంతటికీ ఒకే రిజిస్టర్ పెట్టింది. ఏ ఇంప్లాంట్ నిలుస్తోంది, ఏది ముందే వదులవుతోంది అన్నది అక్కడినుంచే ప్రపంచానికి చాలావరకు తెలిసింది. ఒక దేశం చేసిన పని ఒక నోట్‌బుక్‌లో మీరు చేయవచ్చు. యాభై కేసుల్లో అరుదైన కాంప్లికేషన్లు పెరిగాయో తగ్గాయో తేలదు, అది నాకు తెలుసు. కానీ ఫోన్ చేసినా దొరకని పేషెంట్లు ఎంతమందో తేలుతుంది. ఆ సంఖ్య మిమ్మల్ని కలవరపెడుతుంది, నన్నూ పెట్టింది.

పాప సంగతి. ఆరేళ్ళ పిల్లకు ‘త్వరగా వచ్చేస్తా’ అంటే అర్థం కాదు, క్యాలెండర్ మీద రోజులు కొట్టేయడం అర్థమవుతుంది. రోజూ ఒకే టైముకు ఫోన్ చేయండి, అయిదు నిమిషాలైనా సరే. ఇంకొక దారి కూడా ఉంది. ఆరు వారాలనూ రెండు విడతలు చేయగలరేమో ఆసుపత్రి వాళ్ళను అడగండి. మూడు వారాలు వెళ్ళి, తిరిగొచ్చి ఆరేడు నెలలు పనిచేసి, మళ్ళీ మూడు వారాలు. ఖర్చు పెరుగుతుంది, ఒప్పుకుంటాను. కానీ పాపకు తేలిక, చదువుకూ అదే మేలు. మొదటి విడతలో మీరు వాళ్ళ కేసులు చూస్తారు. రెండో విడతకు మీరు మార్చి చేసిన కేసులు చేతపట్టుకుని వెళ్తారు. మొదటిసారి మీకు తట్టని ప్రశ్నలు అప్పుడు తడతాయి. వాళ్ళు కుదరదంటే ఆరు వారాలూ ఒకేసారి వెళ్ళిరండి, ఈ కారణంగా మాత్రం మానుకోకండి.

ఇవాళ రాత్రి ఒక పని చేయండి. ఆ మోకాలి పేషెంట్ ఫైలు తీసి, నోట్‌బుక్ మొదటి పేజీలో తేదీలు మాత్రమే వరసగా రాయండి. ఆపరేషన్ ఏ రోజు, మొదటిసారి నొప్పి అన్నది ఏ రోజు, మొదటి యాంటీబయాటిక్ ఏ రోజు, కీలులో నీరు తీసింది ఏ రోజు, పంపేసింది ఏ రోజు. ఎందుకు ఆలస్యమైందో రాయకండి, తేదీలు చాలు. అక్కడికి వెళ్ళిన మొదటి వారంలో ఆ పేజీని వాళ్ళ ముందు పెట్టి, ‘వీటిలో ఏ రోజున మీరు వేరే పని చేసేవారు?’ అని అడగండి.

ఆ పేషెంట్ ఇప్పుడెలా ఉన్నారో మీరు రాయలేదు. బయలుదేరేముందు ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి.